గీత బయటి కణాలు

ఆపరేషన్ మూడు గంటలకు. గ్రేస్ నాచారంలోని ‘కణదర్శిని’ సెంటర్ మెట్లెక్కేసరికి పన్నెండుంపావు అయింది.

డాక్టర్ సూర్యకళ అన్నం డబ్బా మూత తీసి పట్టుకుని ఆగింది. “పోలీసులా?”

“కాదు మేడం. ప్రైవేటు డిటెక్టివ్‌ను. ఉప్పల్‌ల ఆఫీసు.”

“పేషెంటు కాగితాలు పోలీసులకే చూపించను. మీకెందుకు చూపిస్తాను?”

“వద్దు. ఒక్కటి జెప్పండ్రి, పోత. లూర్దమ్మకు రొమ్ముల క్యాన్సర్ ఉన్నది నిజమేనా, లేకుంటే మీరామెకు ఉత్త కాగితం రాసిచ్చిన్రా?”

మూత బల్ల మీద టప్పున పడింది. గ్రేస్ కోరుకున్నదీ అదే. మర్యాదగా అడిగితే తలుపు చూపించే మనుషులు, మాట పడితే మాత్రం ఉన్న సాక్ష్యమంతా తెచ్చి ముందర పోస్తారు.

మూడు నెలల కింద, ఏప్రిల్ తొమ్మిదిన, పొద్దున అయిదుంపావుకూ అయిదూ నలభైకీ మధ్య, ఉప్పల్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌లో సారలమ్మ పక్కలోంచి ఆరు రోజుల ఆడపిల్ల మాయమైంది. ఆ వేళకు వార్డులో ఉన్న ఆయా లూర్దమ్మ ఒక్కతే. ముప్పై ఆరేళ్ళ మనిషి, మొగుడు వదిలేసి పోయాడు, పీర్జాదిగూడలో ఒక్క గది. ఇన్‌స్పెక్టర్ త్రిమూర్తులు ఆ గదిని రెండుసార్లు సోదా చేశాడు. పాలసీసా లేదు, పొత్తిగుడ్డ లేదు, ఇరుగుపొరుగు ఎవరూ పసిబిడ్డ ఏడుపు వినలేదు. ఈ మధ్య లూర్దమ్మ రొమ్ములో గడ్డ తేలిందని, అది క్యాన్సరని తెలియగానే ఆయన ఆమె మీద ఆశ వదులుకున్నాడు. చావబోయే మనిషికి పరాయి బిడ్డెందుకు అన్నాడు. గ్రేస్‌కు మాత్రం సరిగ్గా సమయం చూసి వచ్చిన ఆ జబ్బు మీదే అనుమానం. మంచమెక్కిన మనిషిని ఎవరూ ప్రశ్నలడగరు. సారలమ్మేమో రోజూ గ్రేస్ ఆఫీసు తలుపు తీయకముందే వచ్చి మెట్టు మీద కూర్చుంటోంది. బిడ్డ బతికుందో లేదో, అంతవరకన్నా చెప్పమంటోంది.

“ఉత్త కాగితమా?” సూర్యకళ లేచింది. “రా, ఇటు రా. నీ కళ్ళతో నువ్వే చూడు.”

పక్క గదిలో మైక్రోస్కోపు, దాని నెత్తిన కెమెరా, బల్ల మీద కంప్యూటర్. దాని మీద దుమ్ము పడకుండా కుట్టించిన గులాబీరంగు గుడ్డను సూర్యకళ జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టింది.

“సూదితో గడ్డలోంచి తీసిన చుక్కను గాజు పలక మీద పూస్తాం. రంగు పట్టిస్తే కణాలు కనిపిస్తాయి. కణం నడుమ ఇదిగో, ఈ నల్లటిది, కేంద్రకం. ఇన్నాళ్ళూ డాక్టరు కంటితో చూసి, పెద్దగా ఉన్నట్టుంది, వంకరగా ఉన్నట్టుంది అనేవాడు. ఒకడికి ఉన్నట్టుంటే ఇంకొకడికి లేనట్టుండేది. ఇప్పుడు మా టెక్నీషియన్ మౌస్‌తో దాని చుట్టూ ఉజ్జాయింపుగా ఒక గీత గీస్తాడు. గీత రబ్బరు బ్యాండులా బిగుసుకుని అంచుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత కంప్యూటర్ కొలుస్తుంది. అడ్డం ఎంత, చుట్టూ ఎంత, అంచు నున్నగా ఉందా, గంట్లు పడిందా. దానికి మొహమాటం లేదు, అబద్ధం రాదు.”

లూర్దమ్మ రిపోర్టు కాగితం తీసి సూర్యకళ గ్రేస్ ముందర పెట్టింది. ఇరవై కణాలు, ఇరవై కొలతలు. గ్రేస్ వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. పది, పదిన్నర, పది, పదకొండు, పదిన్నర, పది.

“ఇవి దేంట్ల లెక్క మేడం?”

“మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒకటి.”

“మంచిగున్నోళ్ళకు ఎంతుంటది?”

“ఏడు. మహా అయితే ఎనిమిది.”

“అంటే పెద్దగైనయ్.”

“పెద్దవయ్యాయి కనకే రిపోర్టు. చాలా?”

గ్రేస్ వేలు కాగితం కింది అంచు దగ్గరే ఆగిపోయింది. “క్యాన్సర్‌దైతే అన్నీ గిట్ల ఒక్క తీరుగనే పెద్దగైతయా?”

సూర్యకళ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

“ఎంత వరకు చదివావు నువ్వు?”

“పదోది నడుమల ఉండంగ పెండ్లి జేసిన్రు. పరీక్ష రాయలే.”

“మరి ఈ ప్రశ్న ఎట్లా వచ్చింది నీకు?”

“ఆగమైన ఇంట్ల ఏదీ ఒక్క తీరుగ ఉండది గద మేడం. గీ ఇంట్ల ఎవరో అన్నీ సదిరిపెట్టినట్టు కొడ్తున్నది. అంచు గంట్లు పడిందా అన్నరు గద, ఆ లైన్ల గూడ అన్నీ నున్నగనే ఉన్నయని రాసుంది.”

సూర్యకళ కాగితం లాక్కుంది. అంకెల మీద చూపు రెండుసార్లు పైకీ కిందికీ పోయింది. తర్వాత గాజు పలకల పెట్టె తెరిచి, ఒకటి వెతికి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి వంగింది. గోడ గడియారంలో పన్నెండూ ముప్పై ఒకటి. ముప్పై అయిదుకు ఆమె తల ఎత్తింది.

“వెనకంతా నురగ ఉంది.”

“నురగేంది?”

“కణాల చుట్టూ. సబ్బునీళ్ళు పడి ఎండిపోయిన అద్దంలా. కొవ్వు బొట్లు.” గొంతు తగ్గింది. “ఇవి పాలు. ఇది పాలిచ్చే తల్లి రొమ్ము. పాలిచ్చేటప్పుడు కేంద్రకాలు ఇట్లాగే ఉబ్బుతాయి. ఉబ్బినా నున్నగా, సమానంగా ఉంటాయి.”

“మరి కంప్యూటర్‌కు నురగ కనవడలేదా?”

“అది గీత లోపలిదే కొలుస్తుంది. బయట ఏముందో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.”

“మీకు కనవడలేదా?”

సూర్యకళ మొహం కందిపోయింది. “రోజుకు ముప్పై పలకలు. మిషన్ వచ్చిన దగ్గర్నుంచి నేను అంకెలు చూసి సంతకం పెడుతున్నాను. వచ్చే నెల మద్రాసులో దీని మీదే పేపర్ చదవబోతున్నాను. ఇంకేమైనా అడగాలా?”

అడగాల్సింది కాగితం వెనక ఉంది. సూది పెట్టేముందు నింపిన ఫారం. చివరి కాన్పు: ఏడేళ్ళ కింద. ఆ బిడ్డ: లేదు. పాలిస్తున్నారా: లేదు. కింద లూర్దమ్మ వేలిముద్ర.

“ఏడేండ్ల కింద కన్న మనిషికి ఇప్పుడు పాలెక్కడియి మేడం?”

“కనాల్సిన పని లేదు. పసిబిడ్డ నోరు పెట్టి నెలరోజులు విడవకుండా చీకితే కొందరికి ఎండిన రొమ్ములో కూడా పాలు పడతాయి.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూడు నెలలుగా ఊరంతా వెతుకుతున్న బిడ్డ జాడ ఒక గాజు పలక మీద ఎండిపోయి ఉంది.

సూర్యకళ ఫోన్ అందుకుంది. అవతల సర్జన్ సీతారామయ్య గొంతు గ్రేస్‌కు కూడా వినిపించేంత గట్టిగా ఉంది. “పాలా? నేనే రెండుసార్లు అడిగాను, లేవు అంది. వేలిముద్ర వేసింది. రిపోర్టు నీదే, సంతకం నీదే. ఇప్పుడు కాదంటే ఎట్లా? నా ముందు కేసు రద్దయింది, ఈమెను రెండింటికే లోపలికి తీసుకుంటున్నాను. ఆమె నోటితో చెప్పించు, లేదా కొత్త రిపోర్టు పట్టుకురా.”

ఫోన్ పెట్టేశాడు.

“పలక మొత్తం మళ్ళీ నేనే కొలుస్తాను,” అంది సూర్యకళ, టెక్నీషియన్ కుర్చీ లాక్కుంటూ. “గంటన్నర పడుతుంది. రెండింటికి అందుతుందో లేదో. నువ్వు ఆమె చేత చెప్పించు.”

“ఉత్తగ చెప్పది. బిడ్డను సూపిస్తే చెప్తది.”

“బిడ్డ ఎక్కడుందో నీకు తెలుసా?”

“ఇప్పుడే తెలిసింది మేడం.”

*

బియ్యపు గింజను ఎక్కడ దాస్తారు? బియ్యంలోనే. నర్సింగ్‌హోమ్ మానేసిన వారం తిరక్కుండా లూర్దమ్మ నాచారంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆయాగా చేరింది. కుట్టుమిషన్ల మీద పనిచేసే ఆడవాళ్ళ పసిపిల్లలను చూసుకునే గదిలో. ఆ సంగతి పోలీసు ఫైల్లో ఉంది, గ్రేస్ నోటుబుక్కులోనూ ఉంది. ఇద్దరి చూపూ ఆమె ఇంటి మీదే ఉంది, ఫ్యాక్టరీ గేటు లోపలికి ఎవరూ పోలేదు.

గేటు దగ్గర గ్రేస్ తాను లూర్దమ్మ చెల్లెల్నని చెప్పింది. పన్నెండూ యాభై అయిదుకు పిల్లల గదిలో ఉంది.

లూర్దమ్మకు బదులు ఆ పూట కూర్చున్నది వెంకటనర్సమ్మ అనే ముసలామె. ఒడిలో ఒక బిడ్డ, కాలితో ఒక ఉయ్యాల ఊపుతోంది.

“లూర్దమ్మ పెయ్యి, పానం ఎట్లున్నయి బిడ్డా?”

“ఆపరేషన్‌కు పోయింది పెద్దమ్మా. పిల్లలెంతమంది గీడ?”

“పద్నాలుగు.” గోడకు వేలాడే రిజిస్టర్ చూపించింది. పద్నాలుగు టోకెన్ నంబర్లు, తల్లుల పేర్లు, పాలిచ్చే వేళలు. పది, ఒంటిగంట, నాలుగు.

గ్రేస్ ఉయ్యాలలు లెక్కబెట్టింది. పద్నాలుగు. చాప మీద పడుకోబెట్టిన వాళ్ళనూ ముసలామె ఒడిలోని బిడ్డనూ కలిపి మళ్ళీ పిల్లల్ని లెక్కబెట్టింది. పదిహేను.

“లూర్దమ్మ పొద్దుమీకి ఎన్నింటికి ఇంటికి పోతది?”

“ఇల్లా?” ముసలామె బోసినోటితో నవ్వింది. “రెండు షిఫ్టులు జేసి గీడ్నే పంటది. అయితారం సుత పోదు. ఫ్యాక్టరీ మీద గింత పావురం, గింత ప్రేమేందే, మేనేజర్‌వా అని మేమే ఎక్కిరిస్తుంటిమి.”

గంట మోగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తల్లులు లోపలికి వచ్చారు, తలలో దారప్పోగులు, మెడలో కొలతటేపులు. ఎవరూ ఎవరినీ అడగలేదు. చూడకుండానే చేతులు చాచి ఎవరి బిడ్డను వాళ్ళు ఎత్తుకుని గోడవారగా కూర్చుని కొంగు కప్పుకున్నారు. రెండు నిమిషాల్లో గది సద్దుమణిగింది. పద్నాలుగు నోళ్ళు మూతపడ్డాయి.

ఒక్క గొంతు మాత్రం మిగిలింది. వెంకటనర్సమ్మ ఒడిలోది.

“గిది ఎవరి బిడ్డ పెద్దమ్మా?”

“గిదేంది, నీకు ఎర్క లేదా? లూర్దమ్మ చెల్లె బిడ్డనే గద. నువ్వు చెల్లెనంటివి.” ముసలామె కళ్ళు చిన్నవయ్యాయి. “పొద్దుగాల నుంచి సీస నోట్ల వెట్టనిస్తలేదు. ఆమె చేతుల తప్ప ఊకోదు.”

గ్రేస్ ముసలామె మాటకు బదులివ్వకుండా బిడ్డ ఎడమ పాదానికి చుట్టిన గుడ్డ విప్పింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ చివరిదాకా అతుక్కుని ఉన్నాయి. సారలమ్మ ఈ గుర్తు చెప్పినప్పుడల్లా తన వేళ్ళు రెండూ కలిపి పట్టుకుని చూపించేది.

“శభాషమ్మా గ్రేసూ,” అంది వెనకనుంచి ఒక గొంతు. “నువ్వు వెతికావు, నేను కనిపెట్టాను. రేపు పేపర్లో ఇలాగే వస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ త్రిమూర్తులు గుమ్మంలో టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తల్లులు కొంగులు సర్దుకుని గోడవైపు తిరిగారు.

“ఎన్కనే వచ్చిన్రా సారు?”

“కణదర్శిని దగ్గర్నుంచీ. పది ఫెయిలైన వాళ్ళు పరిగెడితే ఎక్కడో నిప్పంటుకున్నట్టే.”

“ఫెయిల్ గాలే, పరీక్ష రాయలే. మీరు గూడ గీ గేటు కాడికి మూడుసార్లు వచ్చిన్రు. లూర్దమ్మను బయట నిలవెట్టి గంట సేపు అడిగిన్రు. బిడ్డ ముప్పై అడుగుల దూరంల పండుకోని ఉండె. పేపర్ల అది గూడ రాయిస్తరా?”

గోడవారగా ఎవరో కిసుక్కున నవ్వారు. త్రిమూర్తులు ఆ వైపు చూడలేదు. “బిడ్డని ఇటివ్వు.”

“ఇస్త. ఫస్టు దవాఖానకు తీస్కపోదం. లూర్దమ్మ బిడ్డను చూస్తే పాలిస్తున్న అని ఒప్పుకుంటది. రెండింటి లోపల ఒప్పుకోకుంటే మంచిగున్న రొమ్ము కోసేస్తరు సారు.”

“కొయ్యనీ.”

“ఏందీ?”

“కొయ్యనీ అన్నాను. దొంగముండకి రొమ్ముంటే ఎంత, పోతే ఎంత? పారిపోయే బెడద ఉండదు. మంచం మీదే అరెస్టు చూపిస్తాను. ముందు సారలమ్మని స్టేషన్‌కి పిలిపించి బిడ్డని చేతిలో పెట్టి ఫొటో తీయించాలి. విలేకర్లు నాలుగింటికి వస్తారు.”

గ్రేస్ బిడ్డను భుజాన వేసుకుంది. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు బొంగురుపోయింది. ఇంట్లో తన రెండేళ్ళ కొడుకు జ్వరమొచ్చినప్పుడు ఇలాగే ఏడ్చాడు, ఆ తర్వాత గొంతే లేచేది కాదు. అప్పటినుంచి గట్టి ఏడుపు కన్నా ఈ ఏడుపంటేనే ఆమెకు దడ.

“పొద్దటి నుంచి సుక్క పాలు తాగలే. నాలుగింటి దాంక స్టేషన్‌ల కూసోబెట్టి, ఈమెకు ఏమన్న అయితే, ఫొటో ఎవరిది తీయిస్తరు? దవాఖానల డాక్టర్లుంటరు. సారలమ్మను ఆడికే పిలిపియ్యండ్రి. ఫొటో ఆడ గూడ మంచిగనే వస్తది.”

త్రిమూర్తులు బిడ్డ మొహం చూశాడు. జాలితో కాదు. లెక్క వేసుకుంటూ.

“జీపెక్కు,” అన్నాడు.

*

ఉప్పల్‌లో ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంటా నలభై ఎనిమిది. బిడ్డను కింద కానిస్టేబుల్ దగ్గర వదిలి గ్రేస్ రెండేసి మెట్లెక్కింది. థియేటర్ తలుపు బయట స్ట్రెచర్ మీద లూర్దమ్మ ఉంది. ఒంటి మీద ఆకుపచ్చ గౌను, చెవులకు కమ్మలు లేవు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

“ఈడికి సుత వచ్చినవా అక్కా?”

“నీకు పాలెప్పటి నుంచి పడ్డయి లూర్దమ్మా?”

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

“సూది బెట్టినప్పుడు తెల్లగ వచ్చింది గద. నీకు తెల్వదా?”

“సూది బెట్టినాయన దూదితోని తుడిచిండు. చీము అనుకున్నడేమో. నేనేమనలే.”

“ఎందుకనలే? ఒక్క మాటంటే ఈ కోతనే లేకుండె.”

“అంటే, ఎవరికి ఇస్తున్నవని అడగరా?” లూర్దమ్మ ఇటు తిరిగింది. “కోస్తే కోయనీ అక్క. రొమ్ము ఇంకోటున్నది. బిడ్డ ఇంకోటి లేదు.”

గ్రేస్ ఈ పనిలోకి వచ్చిన నాలుగేళ్ళలో దొంగల్ని చూసింది, అబద్ధాల్ని చూసింది. అబద్ధానికి ఇంత వెల కట్టిన మనిషిని చూడలేదు.

“ఎందుకు తీస్కపోయినవ్?”

“తీస్కపోదమని ఎత్తుకోలే. సారలమ్మ నిద్రల ఉండె, బిడ్డ ఏడుస్తుండె. ఎత్తుకున్న. ఎత్తుకున్నంక కింద వెట్టబుద్ధి కాలే. గంతే. నా చిన్నది నాలుగు నెలలకే పాయె. దాని బరువు చేతుల అట్లనే ఉంటది అక్కా, ఏడేండ్లయినా.” ఊపిరి తీసుకుంది. “ఉత్త రొమ్మే చీకిస్తుంటి, ఊకుంటదని. నెల దినాలకు పడ్డయి.”

“బిడ్డ దొరికింది లూర్దమ్మా. కింద జీపుల ఉన్నది. సారలమ్మ వస్తున్నది. ఇంక దాచుడు లేదు. ఇప్పుడన్న డాక్టర్‌కు జెప్పు.”

లూర్దమ్మ ఏడవలేదు. మొహంలోంచి ఏదో దిగిపోయినట్టయింది.

“అయితే ఇంక ఆపుడెందుకు?” అంది. “కోయమను.”

థియేటర్ తలుపు తెరుచుకుంది. డాక్టర్ సీతారామయ్య తొడుగుల చేతులు పైకెత్తి బయటికి వచ్చాడు. “ఎవరమ్మా నువ్వు? టైమైంది.”

“సారు, ఈమె పాలిస్తున్నది.”

“ఆమె చెప్పనీ. ఏమ్మా, ఇస్తున్నావా?”

లూర్దమ్మ పెదవులు బిగించింది.

సరిగ్గా అప్పుడే కింద మెట్ల దగ్గర బిడ్డ ఏడుపు లేచింది. కానిస్టేబుల్ ఓపిక అయిపోయి పైకి తెస్తున్నాడు. బొంగురు గొంతు ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. లూర్దమ్మ రెండు చేతులూ గుండెల మీద అడ్డం పెట్టి గట్టిగా అదుముకుంది. లాభం లేకపోయింది. వేళ్ళ సందుల్లోంచి, ఆకుపచ్చ గౌను మీద, రెండు తడి మచ్చలు కనబడ్డాయి, పెద్దవయ్యాయి.

సీతారామయ్య చేతి తొడుగు ఒకటి పీకేశాడు.

“స్ట్రెచర్ వెనక్కి తీసుకుపోండి.”

గ్రేస్ వంగి లూర్దమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. “నీకు జబ్బు లేదు. పాలగడ్డ అది. వింటున్నవా? నీకేం లేదు.”

*

రెండూ పదికి సారలమ్మ వచ్చింది. చెప్పులు కూడా లేవు. బిడ్డను అందుకుని పాదం విప్పి వేళ్ళు చూసుకుని అక్కడే నేల మీద కూలబడింది. కాసేపటికి రవిక విప్పి బిడ్డ నోటికి అందించింది. బిడ్డ మొహం తిప్పుకుంది. మళ్ళీ అందించింది. బిడ్డ కాళ్ళు తన్నుకుని వెనక్కి విరుచుకుపోయింది.

“నాయి ఎన్నడో ఎండిపాయె అక్కా,” అంది సారలమ్మ. “ఇది నన్ను ఎరగదు.”

గ్రేస్ చూపు తనకు తెలియకుండానే వరండా చివరి గది వైపు పోయింది. లూర్దమ్మ ఆ గదిలోనే బట్టలు మార్చుకుంటోంది. సారలమ్మ ఆ చూపును పట్టుకుంది.

“దాని తానికి తీస్కపోవద్దు. ఆకలికి సచ్చినా తీస్కపోవద్దు అక్కా.”

నర్సు గిన్నెలో పాలు, చెంచా తెచ్చింది. త్రిమూర్తులు మెట్ల కింద ఫొటోగ్రాఫర్‌ను నిలబెట్టి టోపీ సర్దుకుంటున్నాడు. లూర్దమ్మ గదిలోకి కానిస్టేబుల్‌ను పంపబోతే గ్రేసే అడ్డుపడింది. “ఆడమనిషి సారు. తడిసిన బట్టలు మార్చుకోనియ్యండ్రి. పది నిమిషాలు.” ఆయన ఫొటో ధ్యాసలో ఉండి సరేనన్నాడు.

ఇరవై నిమిషాలు అయ్యాయి.

రెండూ ముప్పై ఆరుకు సూర్యకళ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఇంకా మడతలు విప్పని ప్రింటు కాగితం. జుట్టు రేగిపోయి ఉంది.

“ఆపరేషన్ అయిందా?”

“లేదు మేడం. ఆపినం. టైముకు ఆపినం.”

సూర్యకళ గోడ పట్టుకుంది. గ్రేస్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టబోయింది, ఆమె కూర్చోలేదు.

“పలక మొత్తం కొలిచాను. ప్రోగ్రాం ఇరవై కణాలు అడుగుతుంది. మావాడు నడుమ శుభ్రంగా కనిపించే చోట ఇరవై గీసి ఆపేశాడు. పలక చివరికి పోలేదు. అక్కడ గీత సరిగ్గా పడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, విసుగు. నేను పోయాను.” కాగితం విప్పింది. “చదువు.”

గ్రేస్ వేలు పెట్టి చదివింది. తొమ్మిది. పద్దెనిమిది. పదమూడు. ఇరవై రెండు. పదకొండు. పంతొమ్మిది. ప్రతి అంకె పక్కనా అంచు గంట్లు పడిందని రాసి ఉంది.

“ఇవి...”

“పాలూ నిజమే. క్యాన్సరూ నిజమే. రెండూ ఒకే రొమ్ములో.” సూర్యకళ గొంతులో తడి లేదు. “మిషన్ చూడాల్సిన కణాలు చూడకుండానే సరిగ్గా చెప్పింది. మనం చూసి తప్పు చెప్పాం. పాలున్న రొమ్ములో ఇది ఆగదు గ్రేస్, ఉరుకుతుంది. ఆమెను తక్షణం థియేటర్‌కు పంపు. సీతారామయ్య ఎక్కడ?”

గ్రేస్ అప్పటికే వరండా చివరికి పరిగెత్తింది. గది తలుపు నెట్టింది. ఆకుపచ్చ గౌను కొక్కేనికి వేలాడుతోంది, ముందరి భాగం ఇంకా తడిగానే ఉంది. అవతల గోడకు చిన్న తలుపు, అక్కడినుంచి ఆయాలు చెత్త బుట్టలు దించే ఇనుప మెట్లు. ఇరవై ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసిన మనిషికి అలాంటి తలుపు ఎక్కడుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కిందనుంచి ఫొటో ఫ్లాష్ మెరిసింది. త్రిమూర్తులు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

ఇనుప మెట్ల మీద ఒక ఆయా కూర్చుని తమలపాకు నములుతోంది.

“ఇందాక ఒకామె దిగిపోయిందా?”

“నీలం చీరామెనా? పోయి పావుగంటాయె.”

“ఎటు పోయింది? ఏమన్న జెప్పిందా?”

“ఎటో ఏమో నాకెర్క లేదు.” ఆయా నోట్లోది పక్కకు ఉమ్మింది. “ఏడ్వలేదు, నవ్వలేదు. జబ్బు లేదని డిటెక్టివమ్మ జెప్పిందట. ఇగ సచ్చేదాంక దవాఖాన మెట్లెక్కనని మెడల సిలువ మీద ఒట్టు వెట్టుకోని పోయింది.”